పెసా, పైసా, ఒక నోటుబుక్కు: నైరోబీ నుంచి కిసుము దాకా

తిరిగొచ్చి నాలుగు రోజులైంది. సూట్‌కేసు అడుగున కెన్యా టీపొడి ప్యాకెట్ చిరిగి బట్టలన్నీ అదే వాసన, ఉతికినా పోవట్లేదు. అది పోకముందే రాసేద్దామని కూర్చున్నా.

అక్కావాళ్లు ఆరేళ్లుగా నైరోబీలో ఉంటున్నారు. బావగారిది మందుల కంపెనీలో ఉద్యోగం. "వచ్చి సింహాల్ని చూసి పోవే" అని పిలిచారు గానీ, మాసాయి మారాలో ఒక్క రోజుకి విదేశీయుల టికెట్టే 100 డాలర్లని తెలిశాక నాకు సింహాల మీద మోజు తీరిపోయింది. నిజం చెప్పాలంటే నేను చూడాలనుకున్నవి వేరే. హైదరాబాద్‌లో యాప్‌లు టెస్ట్ చేసే ఉద్యోగంలోకి రాకముందు పలమనేరులో మూడేళ్లు మీసేవ కౌంటర్లో కూర్చున్నదాన్ని. సర్వర్ డౌన్ అయితే తిట్లు పడేది సర్వర్‌కి కాదు, కౌంటర్లో ఉన్న పిల్లకి. అందుకే ఎం-పెసా (ఫోన్ నంబరు మీద డబ్బు పంపుకునే కెన్యా పద్ధతి, నగదు వెయ్యాలన్నా తియ్యాలన్నా వీధిలో చిన్న డబ్బాకి వెళ్లాలి) గురించి ఎక్కడ చదివినా, కనిపెట్టినవాళ్ల ఫొటో చూసి, మరి ఆ డబ్బాలో కూర్చున్న మనిషి ఏదీ అని వెతుక్కునేదాన్ని. ఆ మనిషిని చూడ్డానికే వెళ్లాను అనుకోండి.

2025 ఫిబ్రవరి 8, శనివారం. పార్క్‌ల్యాండ్స్, నైరోబీ

దిగిన పూటే సిమ్ కొన్నాం. పాస్‌పోర్ట్ చూపిస్తే ఎం-పెసా కూడా తెరిచి ఇస్తారు. డబ్బు వేయించుకోవడానికి వీధి చివర ఆకుపచ్చ రంగు డబ్బాకి వెళ్లా. మన పాన్ డబ్బా అంత ఉంటుంది, ముందు కమ్మీలు, కమ్మీల మధ్య చెయ్యి పట్టేంత సందు. నేను వెళ్లగానే "ఐదు వేలు వెయ్యాలి" అన్నా. లోపలున్నావిడ నా వంక చూసి ఊరుకుంది. మళ్లీ చెప్పా. మళ్లీ ఊరుకుంది. వెనకాలున్న అక్క గిల్లింది, "ముందు హబారి అను, బాగున్నారా అని అడక్కుండా డబ్బు సంగతెత్తితే ఇక్కడ మర్యాద కాదు". హబారి అన్నా. ఆవిడ మొహం విప్పారింది. "మ్జూరి, దాదా!" నన్ను పట్టుకుని దాదా అంటుందేమిటని కంగారు పడ్డా. దాదా అంటే ఇక్కడి స్వాహిలి భాషలో అక్కాచెల్లెళ్ల పిలుపట. మన దగ్గర ఆ పేరు ఎవరికి పెడతామో చెప్తే ఆవిడ పడీపడీ నవ్వింది.

ఫోన్లో పని అర నిమిషం. తర్వాత ఆవిడ పొడుగాటి గళ్ల పుస్తకం ఒకటి తీసింది. తేదీ, నంబరు, పాస్‌పోర్ట్ నంబరు, ఎంత, వేసిందా తీసిందా, చివర నా సంతకం. సందులోంచి పుస్తకం బయటికి నెట్టి, దారం కట్టిన పెన్ను ఇచ్చింది. ఆ దారం చూసి నాకు పలమనేరు గుర్తొచ్చింది, అక్కడా పెన్నుకి దారం కట్టేవాళ్లం, లేకపోతే సాయంత్రానికి మాయం.

కాసేపు నిలబడి చూశా. ఆవిడకి అసలు కష్టం ఫోన్‌తో కాదు, 'ఫ్లోట్'తో. ఫోన్లో నిల్వ అయిపోతే డబ్బు వేయించుకోవడానికి వచ్చినవాణ్ని తిప్పి పంపాలి, గల్లాలో నోట్లు అయిపోతే తీసుకోవడానికి వచ్చినవాణ్ని తిప్పి పంపాలి. రెండూ సరిపోయేట్టు రోజంతా తూకం వెయ్యాలి. నెలాఖరు శుక్రవారం జనం అందరూ తీసుకోవడానికే వస్తారట, ఆ రోజు పొద్దున్నే బ్యాంకులో లైన్లో నిలబడి నోట్లు తెస్తుంది. మన యూపీఐలో ఈ మనిషే కనపడదు, అందుకేనేమో మనకిది వింతగా ఉంటుంది.

ఇంకోటి. పెసా అంటే మన పైసానే, మాట సముద్రం దాటి వెళ్లిందట. కొట్టుని దుకా అంటారు. మందు దావా, మన దవాఖానలో ఉన్నదే. ఇక చాయ్, చపాతీ సరేసరి. భాష రాదన్న భయం మొదటి రోజే సగం పోయింది.

ఫిబ్రవరి 9, ఆదివారం

తప్పు చేసింది ఈ రోజే. కూరలమ్మేవాళ్లని ఇక్కడ మామా ఎంబోగా అంటారు, ఎంబోగా అంటే కూర. ఆవిడ దగ్గర టమాటాలు, అవకాడోలు, ఒక పెద్ద కట్ట సుకుమా వికీ కొన్నాం. ఈ సుకుమా వికీ అంటే 'వారం నెట్టుకురా' అని అర్థం, చవకైన ఆకుకూర, జీతం అయిపోయినా ఇదుంటే వారం గడిచిపోతుందని. అడిగితే మామా దాన్ని కత్తితో దారాల్లా సన్నగా తరిగి సంచిలో వేసి ఇస్తుంది, అదనంగా ఏం తీసుకోదు. అక్క దాంతో పప్పు చేస్తే తోటకూర పప్పుకి చెల్లెలు అనిపించింది.

మొత్తం 350 షిల్లింగులు. షిల్లింగు అప్పుడు మన లెక్కలో ఇంచుమించు 67 పైసలు. ఆవిడ నంబరు చెప్పింది, నేను కొట్టా, పంపేముందు స్క్రీన్ మీద పేరు వస్తుంది, చూసి సరే అనాలి. చూడకుండా సరే అన్నా. రోజూ ఇలాంటివి టెస్ట్ చేసి జీతం తీసుకునే మనిషిని నేను! డబ్బు ఎవరో పెద్దమనిషికి పోయింది. మామా అరవలేదు, "పోలే, పోలే" అంది. ఈ పోలే భలే మాట. మీరు తట్టుకుని పడినా, బస్సు తప్పినా, ఎవరి తప్పయినా సరే, ఎదుటివాళ్లు పోలే అంటారు. మన 'అయ్యో పాపం'లో ఉండే వెటకారం ఇందులో లేదు. పక్క డబ్బా అబ్బాయి వచ్చి, వచ్చిన మెసేజ్‌ని 456కి ఫార్వర్డ్ చేయించాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక డబ్బు వెనక్కొచ్చింది. మామా మాత్రం అంతవరకూ ఆగకుండా సంచి ఎప్పుడో చేతికిచ్చేసింది, "వచ్చాక పంపు" అని.

ఫిబ్రవరి 10, సోమవారం. కిబేరా

మటాటు ఎక్కి వెళ్లా. మటాటు అంటే వాళ్ల షేర్ ఆటోకి, మన ప్రైవేట్ బస్సుకి పుట్టిన బిడ్డ. లోపల నీలం లైట్లు, గుండె అదిరే పాటలు. కండక్టర్ని కోండా అంటారు, వేళ్ల మధ్య నోట్లు నిలువుగా మడిచి పెట్టుకుని తలుపుకి వేలాడుతుంటాడు. వాన పడితే చార్జీ పెరుగుతుంది, దానికి బోర్డులుండవు, ఆకాశమే బోర్డు. 2014లో ఈ మటాటులన్నీ నగదు మానేసి కార్డులకి మారాలని ప్రభుత్వం గట్టిగా పట్టుబట్టింది, గూగుల్ కూడా ఒక బ్యాంకుతో కలిసి బెబాపే అని కార్డు తెచ్చి, 2015లో మూసేసింది. ఎందుకు నడవలేదని కోండాని అడిగా. "కార్డయితే డబ్బు నేరుగా ఓనర్‌కి పోతుంది, నా మధ్యాహ్నం భోజనం ఎవరిస్తారు?" అన్నాడు. ఇప్పుడు అదే మనిషి ఎం-పెసా తీసుకుంటాడు, ఎందుకంటే అది తన నంబరు.

కిబేరా నైరోబీలోని పెద్ద పేదల వాడ, అక్కడికి ఒంటరిగా వెళ్లొద్దని అక్క ఒట్టేయించుకుంది. ఆ వాడలోనే పుట్టి మ్యాపులు గీసే పని చేసే ఒక అబ్బాయి తోడొచ్చాడు, సగం రోజుకి 1500 షిల్లింగులు ముందే మాట్లాడుకున్నాం. ఫొటో వద్దన్నాడు, "వచ్చినవాళ్లందరి ఫోన్లలో మా బురద ఉంది, చాలు" అని.

ఇంత పెద్ద వాడ 2009 దాకా మ్యాపుల్లో ఖాళీగా ఉండేదట. కాగితాల్లో అది అడవి. ఆ ఏడాది నవంబర్లో ఎరికా హాగెన్, మికెల్ మారోన్ అనే ఇద్దరు అమెరికన్లు వచ్చి, ఇక్కడి 13 మంది కుర్రాళ్లకి, అమ్మాయిలకి జీపీఎస్ పరికరాలు ఇచ్చి నడవమన్నారు. వాళ్లు నడిచి, ఎవరైనా చేర్పులు చేయగల ఉచిత ఆన్‌లైన్ మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో గీసిందే మ్యాప్ కిబేరా. పుస్తకాల్లో ఆ ఇద్దరి పేర్లు దొరుకుతాయి. ఆ పదమూడు మంది పేర్లు అడిగితే మా అబ్బాయి వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలెట్టాడు, ఒకరు ఇప్పుడు ఎక్కడున్నారో, ఇంకొకరికి ఎంతమంది పిల్లలో.

నడిచింది తక్కువ, ఆగింది ఎక్కువ. మ్యాపులో ఏది గుర్తు పెట్టాలన్నది తేల్చడమే అసలు పని అట. నీళ్ల కుళాయి పెట్టారు సరే, అది డబ్బులు తీసుకుంటుందా, రాత్రి తెరిచి ఉంటుందా? మరుగుదొడ్డి ఉంది, తాళం ఎవరి దగ్గర? ఒక మూల ఆగి ఫోన్లో మ్యాప్ తెరిచి, "ఈ దీపం మూడు నెలలుగా వెలగట్లేదు, కానీ మ్యాపులో వెలుగుతోంది" అని గుర్తు తీసేశాడు. అదంతా పది సెకన్ల పని. మేము మాత్రం దాని కోసం ఒక మురుక్కాలవ, రెండు మేకలు, ఇనపరేకుల మధ్య ఒక మనిషి పక్కకి తిరిగి నడిచేంత సందు దాటి వచ్చాం.

వాడ మధ్యలోంచి రైలు పట్టాలు పోతాయి. బ్రిటిష్‌వాళ్లు 1896 నుంచి 1901 దాకా ఈ దేశంలో రైలు మార్గం వేశారు, దాని కోసం మన దేశం నుంచి దాదాపు 32 వేల మంది కూలీల్ని తెచ్చారు, 2500 మంది దాకా పనిలోనే చనిపోయారు. కూలీల్లో ఎక్కువమంది పంజాబ్ వైపు వాళ్లు. ఇప్పుడు కిబేరాలో పట్టాల మీదే చెప్పులు, బొగ్గు, చేపలు పరిచి అమ్ముతున్నారు, కూత వినపడితే ఎత్తేస్తారు.

మధ్యాహ్నం చపాతీ, చిక్కుడుగింజల కూర. ఇద్దరికీ 160. కొట్టు పక్కన వంటనూనె ఏటీఎం ఉంది, నిజంగానే, పది షిల్లింగుల నూనె కావాలన్నా సీసాలో పోస్తుంది. మన ఊళ్లో ఐదు రూపాయల నూనె అడిగితే శెట్టిగారు గొణిగేవాడు, ఈ మిషన్ గొణగదు.

ఫిబ్రవరి 11, మంగళవారం. ఎన్‌గాంగ్ రోడ్డు

ఈ రోజంతా దారి తప్పడమే. ఐహబ్ అని సాఫ్ట్‌వేర్ వాళ్లు కలిసి పనిచేసుకోవడానికి 2010లో మొదలైన చోటు చూడాలని, పాత వ్యాసాలు చదివి, బిషప్ మగువా సెంటర్ నాలుగో అంతస్తు అని రాసుకుని పోయా. వాచ్‌మన్ పెద్దాయన విని, తాపీగా కుర్చీ చూపించి, "వాళ్లు ఎప్పుడో వెళ్లిపోయారమ్మా. ఏడాదికి నీలాంటివాళ్లు పదిమంది వస్తారు" అన్నాడు. 2019లో నైజీరియా వాళ్లు కొన్నారన్నది మాత్రం నాకు తెలుసు, చోటు మారిందని పట్టించుకోలేదు.

కానీ పెద్దాయన దగ్గర కథలున్నాయి. 2007 డిసెంబర్ ఎన్నికల తర్వాత ఇక్కడ జరిగిన గొడవల్లో వెయ్యి మందికి పైగా చనిపోయారు. టీవీల్లో ప్రత్యక్ష ప్రసారాలు ఆపేశారు. ఆ జనవరిలోనే ఓరీ ఒకొల్లో, జూలియానా రొటిచ్, ఎరిక్ హెర్స్‌మన్, డేవిడ్ కోబియా లాంటివాళ్లు కొద్ది రోజుల్లో ఉషాహిది అనే వెబ్‌సైట్ కట్టారు, ఎక్కడ ఏం జరుగుతోందో జనం మెసేజ్ పంపితే మ్యాపు మీద చుక్క పడేట్టు. ఉషాహిది అంటే సాక్ష్యం. పెద్దాయన అప్పుడు వేరే చోట కాపలా. "నేనూ ఒక మెసేజ్ పంపా. చుక్క పడిందో లేదో చూసుకోవడానికి నా దగ్గర కంప్యూటర్ లేదు" అన్నాడు. ఆ మెసేజ్‌లో ఏముందో అడగబోయి ఆగిపోయా.

సాయంత్రం టీ కొట్లో, మందాజి (మన తీపి బూరెలోంచి పూర్ణం తీసేస్తే మందాజి) తింటుంటే పక్క బల్ల మీద ఇద్దరు కుర్రాళ్లు. ఒకడు ఏఐకి డేటా లేబుల్ చేసే పనిలో ఉన్నాడు. రోడ్డు ఫొటోలో చెట్టు ఏది, మనిషి ఏడి అని గీతలు గీయడం. రెండోవాడు అంతకుముందు సోషల్ మీడియాలో జనం పెట్టే దారుణమైన వీడియోలు చూసి తీసేసే పని చేసి మానేశాడు. దాని గురించి మాట్లాడనన్నాడు, మాట్లాడకూడదని సంతకం కూడా పెట్టాడట. 2023 మే 1న ఈ నగరంలోనే 150 మందికి పైగా ఇలాంటి పనివాళ్లు యూనియన్ పెట్టుకోవాలని ఓటేశారు. తను వెళ్లాడా అని అడిగితే తల ఊపాడు. మందాజి ఒకటి పది షిల్లింగులు, వాడి వాటా నేనే ఇచ్చా, వద్దనలేదు.

ఫిబ్రవరి 12, బుధవారం. తికా

నైరోబీకి గంట దూరం. అనాస పళ్లకి పేరు. ఇక్కడ, నైరోబీలో కలిపి 2005 అక్టోబర్లో ఎనిమిది కొట్లతో ఎం-పెసా ప్రయోగం మొదలైంది. నిక్ హ్యూస్, సూసీ లోనీ అనే వోడాఫోన్ ఉద్యోగులు నడిపారు, బ్రిటన్ ప్రభుత్వం డబ్బు కూడా ఉంది అందులో. అనుకున్నదేమో చిన్న అప్పులు తీసుకున్నవాళ్లు వాయిదాలు కట్టడానికి. జనం అలా వాడలేదు. ఊళ్లో అమ్మకి, తమ్ముడికి పంపుకోవడం మొదలెట్టారు. అప్పటిదాకా డబ్బు కవర్లో పెట్టి బస్సు డ్రైవర్ చేతికిచ్చేవాళ్లు, అంది అందకా. 2007 మార్చిలో దేశమంతటా తెచ్చినప్పుడు 'ఇంటికి డబ్బు పంపండి' అన్నదే నినాదం.

ఆ ఎనిమిది కొట్లలో ఒకటైనా చూపిస్తారేమో అని నాలుగు వీధులు తిరిగా. ఎవరికీ తెలీదు. ఒక ముసలాయన మాత్రం "ఇదే" అని తన కొట్టు చూపించాడు, అది చెప్పుల కొట్టు, ఐదేళ్ల కిందట తెరిచిందని పక్కావిడ చెప్పేసింది. అనాసపండు 80 షిల్లింగులు, ముక్కలు కోసి కారం చల్లి ఇచ్చారు. దానికోసమైనా రావచ్చు.

ఫిబ్రవరి 13, 14. కిసుము

విక్టోరియా సరస్సు ఒడ్డు ఊరు. బావగారి ఆఫీసు డ్రైవర్ చెల్లెలు ఇక్కడికి దగ్గర్లో ఒక చిన్న ఆరోగ్య కేంద్రంలో నర్సు. ఫోన్ చేస్తే "సా న్నె" రమ్మంది. సా అంటే గంట, న్నె అంటే నాలుగని అంకెల పట్టీ చూసి నేర్చుకున్నా. గురువారం సాయంత్రం నాలుగింటికి పోతే తాళం. స్వాహిలి గడియారం సూర్యోదయంతో మొదలవుతుందని, వాళ్ల నాలుగు అంటే మన పొద్దున పదని బోడా బోడా (బైకు టాక్సీ) కుర్రాడు బండి ఆపి మరీ చెప్పాడు. నిజానికి మన పాత ఘడియల లెక్క కూడా పొద్దు పొడుపు నుంచే కదా. రానూపోనూ 300 అయ్యాయి, ఆ చదువుకి ఫీజు.

శుక్రవారం పదింటికి వెళ్లా. మా అమ్మ కుప్పం వైపు ఏఎన్ఎంగా చేసి రిటైరైంది. ఈ ఆరోగ్య కేంద్రం గుమ్మం ఎక్కగానే అదే డెట్టాల్, తడి సిమెంట్ వాసన. గోడ మీద చేత్తో గీసిన టీకాల గ్రాఫు. బల్ల మీద రిజిస్టర్లు, అట్టలు ఊడితే మందుల అట్టపెట్టె ముక్కలతో అతికించినవి. నర్సు (ఈమె కూడా నన్ను దాదా అంది) నెలాఖరు కూడికల కాగితం చూపించింది. ఇది నింపాక డీహెచ్ఐఎస్2 అనే ఆరోగ్య లెక్కల సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించాలి. 2011లోనే కెన్యా దేశమంతటా ఇది పెట్టింది. దీని మూలం 90ల్లో దక్షిణాఫ్రికాలో, ఓస్లో విశ్వవిద్యాలయం వాళ్లతో కలిసి మొదలైంది. అక్కడినుంచి మన దేశానికి వచ్చినప్పుడు, 2000 ప్రాంతంలో, మొదట అడుగు పెట్టింది ఎక్కడనుకున్నారు? మా కుప్పం. అమ్మ చెప్పేది, కంప్యూటర్ వచ్చిన కొత్తలో దుమ్ము పడకుండా పూల గుడ్డ కప్పేవాళ్లని. నేను ఈ సంగతి చెప్తే నర్సు నమ్మలేదు, ఫోన్లో మ్యాపు తీసి కుప్పం చూపించాల్సి వచ్చింది.

గదిలో కంప్యూటర్ ఉంది, దాని ముందు కుర్చీ ఖాళీ. కుర్చీ వెనక స్వెటర్ ఒకటి వేలాడుతోంది. డేటా ఎక్కించే అబ్బాయిది. జనవరి 20న అమెరికాలో కొత్త అధ్యక్షుడు విదేశీ సాయాన్ని 90 రోజులు ఆపుతూ సంతకం పెట్టాడు కదా, ఈ అబ్బాయి జీతం ఆ డబ్బులోంచి వచ్చేది. ఆ నెలాఖరులో రావద్దన్నారు. స్వెటర్ తీసుకెళ్లడానికి కూడా రాలేదు, తిరిగి పిలుస్తారని. "సిస్టమ్ బాగానే ఉంది, ఎక్కించే మనిషే లేడు" అంది నర్సు, ఆవలిస్తూ. రాత్రి డ్యూటీ కూడా తనే చేసిందట.

మేము మాట్లాడుతుండగా ఒక పెద్దావిడ వచ్చింది, భుజాన బ్యాగు, చేతిలో స్మార్ట్‌ఫోన్. వీళ్లు మన ఆశా వర్కర్లలాంటివాళ్లు, 2023 సెప్టెంబర్లో దాదాపు లక్ష మందికి ఈ బ్యాగులు, ఫోన్లు ఇచ్చారు. ఒక్కొక్కరికి వందిళ్ల వరకు. నెలకి 5000 షిల్లింగులు, అందులో సగం కేంద్రం, సగం కౌంటీ, రెండూ ఒకేసారి రావడం అరుదని నవ్వింది. ఫోన్ కంటే బ్యాగులో ఉన్న రంగు పట్టీనే ఆవిడకి ఇష్టం, పిల్లల చేతికి చుట్టి చూసేది, ఎరుపు వస్తే పిల్లాడికి తిండి చాలట్లేదని. ఫోన్‌లో నొక్కేటప్పుడు కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, ఒక్కో అక్షరం చూపుడువేలితో పొడిచింది. "చార్జింగ్ ఎక్కడ పెడతారు?" అని అడిగా. ఇంట్లో కరెంటు లేదు, సెలూన్‌లో, పూటకి 20. ఆ ఇరవై ఎవరిస్తారని అడగలేదు, ఆవిడ మొహంలోనే ఉంది.

మధ్యాహ్నం వాళ్లే తిండి పెట్టారు. తెల్ల మొక్కజొన్న ఉగాలి రోజూ తింటున్నదే, ఈ రోజు మాత్రం ముదురు రంగుది, వింబి పిండితో. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయా. రాగి సంగటి! అచ్చం. రాగి పుట్టిల్లు ఈ తూర్పు ఆఫ్రికా ఎత్తు భూములేనని ఎక్కడో చదివాను గానీ నాలుకకి తెలిసింది ఇప్పుడే. పచ్చిమిరపకాయ చట్నీ ఒక్కటే తక్కువ.

ఫిబ్రవరి 15, శనివారం. డుంగా బీచ్

చేప తిందామని. వెచ్చటి నీళ్ల చెంబు తెచ్చి కూర్చున్నచోటే చేతులు కడిగించారు, పెద్దవాళ్లకి ముందు. వేయించిన తిలాపియా, ఉగాలి, కలిపి 600. అమ్మే ఆవిడ చేపని మొప్పలు తెరిచి చూపించింది, "ఇది చైనా నుంచి ఐసులో వచ్చింది కాదు, సరస్సుది" అని ఒట్టేసినట్టు. పక్కనే అంత పెద్ద సరస్సు పెట్టుకుని చైనా చేపతో పోటీ పడాల్సి రావడం ఏం ఖర్మో.

రాత్రి అక్కావాళ్లింటికి చేరాక అమ్మకి వీడియో కాల్. పేర్లు లేని ఆ కూడికల కాగితం ఫొటో నర్సు అనుమతితో తీసుకున్నా, అది పంపించా. అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని, ఫోన్ దగ్గరికీ దూరానికీ జరిపి, చాలాసేపు ఏం మాట్లాడలేదు. నచ్చిందేమో అనుకున్నా.

"మూడో వరస కూడిక తప్పిందే. నలభై ఒకటి రావాలి, ముప్పై ఒకటి వేసింది. ఆ పిల్లకి చెప్పు, పైవాళ్లు చూస్తే మాట పడుతుంది."

కూడి చూశా. నిజమే. నర్సుకి మెసేజ్ పెట్టా, మా అమ్మ పట్టుకుంది అని. విమానం ఎక్కేముందు జవాబొచ్చింది. "మీ అమ్మకి అసాంతె సానా (చాలా థాంక్స్). దిద్దేశాను. ఎక్కించే మనిషి ఇంకా రాలేదులే, తొందరేం లేదు."